మూడు కిలోల జీపు, ఇంటినిండా మెకానిక్కులు

రిమోట్ కారు చేశామని చెప్తే ఎవరైనా ముందు అడిగేది స్పీడు గురించే. మా జీపు ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా మనిషి నడకను దాటదు. ఆ ముక్క వినగానే సగం మందికి ఉత్సాహం చల్లారిపోతుంది. మిగతావాళ్ళు మాత్రం, అది మోకాలెత్తు బండ మీదికి ఒక్కో చక్రం ఎత్తి పెట్టుకుంటూ పాకడం చూసి, "ఇటియ్యన్నా ఒకసారి" అని రిమోట్ కోసం చెయ్యి చాస్తారు.

వీటిని రాక్ క్రాలర్లు అంటారు. పందేలకు కాదు, రాళ్ళెక్కడానికి చేసే బండ్లు. అమెరికాలో కొందరు ఔత్సాహికులు తమియా కంపెనీ 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్ అనే పెద్ద చక్రాల బండి ఆక్సిల్స్ పీకి, వాటికి సొంత ఛాసిస్ బిగించి మొదలుపెట్టిన ఆట ఇది. తర్వాత యాక్సియల్ వాళ్ళ ఎస్‌సిఎక్స్10 వచ్చాక పదో వంతు సైజు క్రాలర్‌కు అదే కొలబద్ద అయిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే ఛాసిస్ పట్టీలు, లింకులు, ఆక్సిల్స్ చాలావరకు ఆ కొలతకే ఉంటాయి. అందుకే విడివిడిగా కొని ఇంట్లో కూర్చుకోవడం కుదురుతుంది.

రెడీమేడ్‌ది కొనకపోవడానికి కారణం డబ్బే, దాచేదేమీ లేదు. దిగుమతి ఆటబొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. పైగా 2021 జనవరి నుంచి బీఐఎస్ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదు. ఇవన్నీ దాటుకుని తిరుపతికి వచ్చేసరికి పేరున్న క్రాలర్ ఒకటి సెకండ్ హ్యాండ్ స్కూటర్ ధర పలుకుతోంది. మా చిన్నోడికి ఐదో తరగతి సెలవుల్లో కొనిస్తానని నోరు జారిన మాట వాస్తవం. స్కూటర్ ధర చూశాక "కొనడమేం, మనమే చేద్దాం" అన్నాను. వాడికన్నా ముందు మా నాయన లేచి కూర్చున్నాడు.

నాయన ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఎక్కువ కాలం తిరుమల ఘాట్ బస్సుల కింద పడుకునే గడిపాడు. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పాప తొమ్మిదో తరగతి. నాది ఆఫీసు ఉద్యోగం. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో నాది పార్సిళ్ళు తెచ్చే పని, బిల్లులు కట్టే పని.

మొదట తెప్పించింది 313 మిల్లీమీటర్ల వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య అంత దూరం ఉండే ఛాసిస్ సెట్టు. రెండు ఇనుప పట్టీలు, మధ్యలో గేర్‌బాక్స్, ముందు వెనక లోహపు ఆక్సిల్స్, నాలుగు షాకులు, ఒక సంచీ నిండా ఎం3 స్క్రూలు. సూచనల కాగితం చైనీస్‌లో ఉంది. నాయన దాన్ని మడిచి కింద పెట్టేసి, బైరాగిపట్టెడలోని మా ఇంటి వరండాలో పాత చీర పరిచి, ముక్కలన్నీ వరసగా పేర్చుకున్నాడు. ప్రొపెల్లర్ షాఫ్టు, యూనివర్సల్ జాయింటు, స్టీరింగ్ నకిల్, పానార్డ్ రాడ్డు, అన్నీ ఆయనకు తెలిసినవే. సైజు మాత్రమే చిన్నది. చిన్నోడు ఆ పేర్లన్నీ ఒక్క పూటలో నేర్చేసుకున్నాడు.

పేచీ డిఫరెన్షియల్ దగ్గర వచ్చింది. ఆక్సిల్ పగలదీసి చూస్తే లోపల డిఫరెన్షియల్ గేర్లు లేవు, గట్టి లోహపు ముద్ద ఒకటి ఉంది. రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి.

"ఒరే, ఇట్లా లాక్ చేస్తే మలుపులో టైర్లు గీక్కుంటాయి గదరా. బస్సుకు ఇట్లా చేస్తే అలిపిరి దాటకముందే ఆక్సిల్ షాఫ్టు తెగుతాది" అన్నాడు నాయన.

ఆయన చెప్పింది తారు రోడ్డు విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజం. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దడానికే డిఫరెన్షియల్ ఉన్నది. కానీ దానికొక గుణం ఉంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే ఆ చక్రమే గిర్రున తిరుగుతుంది, నేల మీదున్న చక్రం కదలదు. బురదలో దిగబడిన లారీని చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. రాళ్ళ మీద క్రాలర్‌కు ఎప్పుడూ ఏదో ఒక చక్రం గాల్లోనే ఉంటుంది. అందుకే రెండు ఆక్సిల్స్‌నూ లాక్ చేసి పెడతారు. మలుపు తిరగడానికి చోటు ఎక్కువ పడుతుంది, టైరు కొంచెం గీరుకుంటుంది. మట్టి మీద, రాయి మీద అది పెద్ద నష్టం కాదు. నాయన వెంటనే ఒప్పుకోలేదు. కాఫీ తాగి వచ్చి, చక్రాలు చేత్తో తిప్పి చూసి, "సరే, ఇది బస్సు కాదు గదా" అని గ్రీజు పూయడం మొదలుపెట్టాడు.

మోటారు ఎంపికలో పాపది పైచెయ్యి. 540 సైజు బ్రష్డ్ మోటార్లలో 35 టర్న్, 45 టర్న్, 55 టర్న్ అని ఉంటాయి. టర్న్ అంటే లోపల తీగ ఎన్ని చుట్లు చుట్టారో ఆ లెక్క. చుట్లు పెరిగేకొద్దీ మోటారు నిదానంగా తిరుగుతుంది, తక్కువ కరెంటు తీసుకుంటుంది, నెమ్మదిగా నడిపేటప్పుడు పట్టు బాగుంటుంది. చిన్నోడు 35 కావాలన్నాడు. పాప 55 అంది. ఇద్దరూ తాతను తీర్పు అడిగారు. "ఘాట్‌లో ఏ గేరులో పోతాం?" అన్నాడాయన. అంతటితో 55 ఖాయం. గేర్‌బాక్స్, ఆక్సిల్ కలిపి మోటారు సుమారు నలభై చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. నడక వేగం అన్నది ఈ లెక్కలోంచే వచ్చింది.

మోటారుకుండే చిన్న గేరు పినియన్‌కూ, అది తిప్పే పెద్ద స్పర్ గేరుకూ మధ్య సందు పెట్టడం ఒక కళ. బిగిస్తే అరుస్తుంది, వేడెక్కుతుంది. వదులైతే పళ్ళు పోతాయి. మధ్యలో పల్చటి కాగితం పెట్టి గేర్లు దగ్గరికి నొక్కి, మోటారు స్క్రూలు బిగించి, కాగితం లాగేయాలి. నాయన తన చొక్కా జేబులోంచి తిరుచానూరు బస్సు టికెట్టు తీసి పెట్టాడు. టికెట్టు మీద పళ్ళ గుర్తులు నలగకుండా, చిరగకుండా అలలు అలలుగా పడితే సందు సరిపోయినట్టు. ఆ టికెట్టు ఇప్పటికీ టూల్ డబ్బాలో ఉంది. మోటారు విప్పినప్పుడల్లా అదే వాడతాం. లోహానికి లోహం తగిలే ప్రతి స్క్రూకూ వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేయాలి. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూకు వేయకూడదు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగులుతాయి.

సోల్డరింగ్ పాప నేర్చుకుంది. ఇంట్లో ఉన్న 25 వాట్ల సన్న ఐరన్ ఈ పనికి చాలదు. బ్యాటరీ వైర్లు లావు, వేడంతా అవే తాగేస్తాయి. 60 వాట్లది తెచ్చాక పని సాగింది. బ్యాటరీని కలిపే ఎక్స్‌టి60 కనెక్టర్‌కు టంకం వేసేటప్పుడు దాని జోడీని కూడా తగిలించి ఉంచాలి. లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు పక్కకు ఒరుగుతాయి. ఐరన్‌తో టంకాన్ని కాకుండా వైరును వేడి చెయ్యాలి, వైరే టంకాన్ని పీల్చుకోవాలి. మొదట్లో పాప వేసిన జాయింట్లు బూడిద రంగులో, గరుకుగా ఉండేవి. వాళ్ళ తాత గోటితో గీకి "ఇది మళ్ళా" అనేవాడు. రాను రాను గాజు మాదిరి మెరవడం మొదలైంది. అప్పుడు ఆయన గోరు పెట్టడం మానేశాడు.

బ్యాటరీ విషయంలో మాత్రం ఇంట్లో నా మాటే చట్టం. మాది రెండు సెల్లుల లిథియం పాలిమర్, 7.4 వోల్ట్‌లు, 5000 ఎంఏహెచ్. ఒక్కో సెల్లు 4.2 వోల్ట్‌లకు మించి ఎక్కకూడదు, 3 వోల్ట్‌ల కిందికి దిగకూడదు. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సి అనే సర్క్యూట్‌లో కట్ ఆఫ్‌ను మేం 3.2 దగ్గర పెట్టాం. రెండు సెల్లులనూ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తోనే చార్జింగ్, అది కూడా మనిషి పక్కన ఉన్నప్పుడే. కరకంబాడి దగ్గర అమరరాజా ఫ్యాక్టరీ ఉండబట్టి మా వైపు ప్రతి వీధిలో బ్యాటరీల గురించి తెలిసినవాళ్ళు ఒకరైనా తగులుతారు. మా పక్కింటాయన "వాడకపోయినా ఫుల్ చార్జ్‌లో పెట్టండి సార్, లేకపోతే చచ్చిపోతుంది" అని సలహా ఇచ్చాడు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి అది సరైన సలహా. అది ఖాళీగా పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. లిథియం పాలిమర్‌ది దీనికి తిరగబడ్డ స్వభావం. నిండుగా పెట్టి వదిలేస్తే లోపల గ్యాస్ చేరి ఉబ్బుతుంది. వారం రోజులు వాడం అనుకుంటే సెల్లుకు 3.8 వోల్ట్‌ల దగ్గర ఆపి దాచాలి. చార్జింగ్‌కు మా ఆవిడ వాడకుండా పక్కన పెట్టిన మట్టి కుండ ఒకటి ఇచ్చింది. నిప్పంటుకున్నా బయటికి పాకకుండా అడుగున ఇసుక పోసి, వరండాలో సిమెంటు నేల మీద పెట్టి, అందులోనే చార్జింగ్. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే ఎంత ఖరీదైనదైనా సరే, మళ్ళీ చార్జింగ్‌కు పెట్టేది లేదు.

బాడీకి ఏ బండి అన్నదాని మీద ఓటింగ్ జరిగింది. నెట్‌లో అందరూ చేసే విదేశీ ట్రక్కులు మా వాళ్ళకు నచ్చలేదు. మా అత్తగారి ఊరు చిత్తూరు దాటాక బంగారుపాళెం వైపు. అక్కడ మా మామగారి దగ్గర పాత మహీంద్రా జీపు ఉండేది. బెంగళూరా మామిడికాయలు మండీకి, మండీ నుంచి ఎరువు మూటలు ఇంటికి, పండగకు మమ్మల్నందరినీ రైల్వే స్టేషన్ నుంచి ఇంటికి మోసింది అదే. దాని ఫోటోలు చూసుకుంటూ బాడీ గీశాం. ఒక చిక్కు వచ్చింది. పదో వంతు లెక్కన 313 మిల్లీమీటర్లంటే అసలు బండికి మూడు మీటర్ల పైన వీల్‌బేస్ అన్నమాట. మామగారి జీపు అంత పొడవు లేదు. తలుపుల వెనక భాగం సాగదీసి, వెనక బెంచీ సీట్ల జీపు చేశాం. మామగారు వీడియో కాల్‌లో చూసి, "ముక్కు బాగుంది నాయనా, నడుమే కొంచెం ఎక్కువైంది" అన్నాడు.

బాడీకి వాడింది 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు, అదే ఫ్లెక్సీ షాపుల్లో దొరికే పీవీసీ ఫోమ్ షీటు. తేలిక, బ్లేడుతో తెగుతుంది, ఫెవిక్విక్‌తో అతుకుతుంది. మడ్‌గార్డు వంపు కావాలంటే వేడి నీళ్ళలో ముంచి సీసా చుట్టూ వంచాలి. మా ఆవిడ బ్లౌజు ప్యాట్రన్ తీసినట్టే ముందు కాగితం మీద కత్తిరించి, బాడీకి ఆనించి చూసి, మార్కు చేసి, అప్పుడు షీటు కోసేది. మాలో ఎవరం చేసినా సందు వచ్చేది, ఆమె కోస్తే రాలేదు. పైకప్పు రెగ్జిన్‌కు బదులు లైనింగ్ గుడ్డకు నల్ల రంగు వేసి, నిజం జీపుకున్నట్టే పక్కలకు తాళ్ళు కుట్టింది. ఆ తాళ్ళు విప్పితే టాపు చుట్టుకుంటుంది కూడా.

గ్రిల్లు, బంపరు, బ్యాటరీ ట్రే మాత్రం పాప స్నేహితురాలి అన్న కాలేజీలో 3డి ప్రింటర్ మీద తీయించాం. మా ఊరి ఎండ గురించి ఆ అబ్బాయికి చెప్పాల్సిన పని లేకపోయినా ప్లాస్టిక్ గురించి మాట్లాడుకోవాల్సి వచ్చింది. మామూలుగా అందరూ వాడే పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో అంత వేడి మామూలే. పెట్‌జి అయితే 80 వరకు తట్టుకుంటుంది. బ్యాటరీ ట్రే, షాకులు బిగించే టవర్లు పెట్‌జితో, అందానికి పెట్టే గ్రిల్లు పీఎల్‌ఏతో వేయించాం. గ్రిల్లు ఒక వేసవి చూసింది. ఇప్పుడది కొంచెం నవ్వుతున్నట్టు వంగి ఉంటుంది. మార్చలేదు, చిన్నోడు వద్దన్నాడు.

ఇక అసలు తలనొప్పి సర్వో. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు అది. రాయికి అడ్డుకున్న చక్రాన్ని పక్కకు తిప్పాలంటే చాలా బలం కావాలి. 25 కిలోలని లేబులున్నది ఆన్‌లైన్‌లో తెప్పించాం. 25 కిలోలంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో అంత బరువు ఆపగలగడం. వచ్చినది రెండో ఆదివారానికే గిర్రున శబ్దం చేసి ఊరుకుంది. నాయన విప్పి చూస్తే "ఫుల్ మెటల్ గేర్" అని రాసిన దానిలో మూడో గేరు తెల్ల ప్లాస్టిక్. పళ్ళు నాలుగు రాలి గ్రీజులో కూర్చున్నాయి. అమ్మినవాళ్ళకు ఫోటోలు పంపితే "వాడిన వస్తువు వాపసు తీసుకోం" అన్నారు. వాడకుండా గేరు ఎలా విరుగుతుందో వాళ్ళే చెప్పాలి. ఈసారి ఇంకో చోట, ధర ఎక్కువైనా విప్పిన ఫోటోలు చూసి కొన్నాం. సర్వోకు చేతిని బిగించే ముందు కరెంటిచ్చి, రిమోట్ నడిమధ్యన పెట్టి, అప్పుడే ఆ చెయ్యి, అంటే 25 పళ్ళ హార్న్, తొడగాలి. లేకపోతే చక్రాలు ఒక పక్కకు ఎక్కువ, ఇంకో పక్కకు తక్కువ తిరుగుతాయి.

కొత్త సర్వోతో కొత్త జబ్బు పట్టుకుంది. వరండాలో అన్నీ బాగుంటాయి. రాయి మధ్యలోకి పోగానే జీపు ఉన్నట్టుండి చచ్చిపోతుంది. రెండు సెకన్లలో దానంతటదే లేస్తుంది. రిమోట్ బ్యాటరీలు మార్చాం. యాంటెన్నా తీగ పైకి తిప్పాం. కనెక్టర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాం. నేను రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవరే పోయిందని తేల్చేసి కొత్తదాని ధర చూస్తున్నాను. పాప పడుకుని, రాయి పక్కన తల పెట్టి, తమ్ముణ్ణి నడపమంది. "నాన్నా, ఊరికే పోతున్నప్పుడు ఆగట్లేదు. చక్రం రాయికి ఇరుక్కుని వీడు స్టీరింగ్ ఫుల్లుగా తిప్పితేనే ఆగుతోంది. అప్పుడు రిసీవర్ లైటు కూడా ఆరిపోతోంది" అంది.

అక్కడికి ముడి విడిపోయింది. సర్వోకు, రిసీవర్‌కు రెండింటికీ కరెంటు ఈఎస్‌సిలో ఉన్న బీఈసీ అనే చిన్న సర్క్యూట్ నుంచే వస్తుంది. మాది 6 వోల్ట్‌లు, 3 యాంపియర్లు ఇచ్చేది. బలమైన సర్వో కదల్లేక ఆగిపోయినప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ ఆరిపోతుంది, సర్వో వదిలేస్తుంది, వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, రిసీవర్ మేలుకుంటుంది. రెండు సెకన్ల చావు అదే. మీటరు పెట్టి, చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని స్టీరింగ్ తిప్పితే 6 వోల్ట్‌లు కళ్ళముందే 4 కిందికి జారాయి. బ్యాటరీ నుంచి నేరుగా సర్వోకు విడిగా ఒక యూబీఈసీ, అంటే విడిగా దొరికే బీఈసీ, పెట్టాం. సర్వో ఎర్ర వైరును రిసీవర్ నుంచి తప్పించి యూబీఈసీకి కలిపాం. నేల వైరు, సిగ్నల్ వైరు మాత్రం రిసీవర్‌తో ఉమ్మడిగానే ఉండాలి. ఆ తర్వాత జీపు ఒక్కసారి కూడా అలా ఆగలేదు. రిసీవర్ కొనే డబ్బు మిగిల్చినందుకు పాప టైర్ల బడ్జెట్ పెంచుకుంది.

టైర్లు, బరువు. క్రాలర్ మొత్తం ఈ రెండింటి మీదే ఉందని నా గట్టి అభిప్రాయం. మోటారు మీద పెట్టే డబ్బులో సగం ఇక్కడ పెడితే చాలు. మొదట సెట్టుతో వచ్చిన టైర్లు గట్టివి, గ్రానైట్ మీద జారిపోయేవి. 1.9 అంగుళాల రిమ్ముకు పట్టే మెత్తటి రబ్బరువి వేశాక బండి మారిపోయింది. లోపల స్పాంజి కూడా అంతే ముఖ్యం. మొత్తం మెత్తటి స్పాంజి అయితే పక్కవాలు బండ మీద టైరు నలిగి జీపు దొర్లుతుంది. మొత్తం గట్టిదైతే రాయిని హత్తుకోదు. మా ఆవిడ లోపలి వరసకు పరుపు షాపు గట్టి ఫోమ్, బయటి వరసకు బ్లౌజు కప్పుల ఫోమ్ వాడి రెండు వరసలుగా కోసి కూర్చింది. ఆ రెండో రకం ఫోమ్ ఎక్కడిదని అడిగితే చిన్నోడు ఇప్పటికీ సిగ్గుపడి పారిపోతాడు.

బరువు తూచడానికి వంటింటి త్రాసు ఒకటే ఉంది. ముందు చక్రాలు త్రాసు మీద, వెనక చక్రాలు అదే ఎత్తు వచ్చేలా పుస్తకాల మీద పెట్టి తూచి, తర్వాత తిప్పి పెట్టాం. ముందు 1,240 గ్రాములు, వెనక 1,610. కొండెక్కే బండికి ఇది తలకిందుల లెక్క. ఎక్కేటప్పుడు బరువు ఎలాగూ వెనక్కి జారుతుంది. ముందు తేలికైతే ముక్కు లేచి వెనక్కి పల్టీ కొడుతుంది. బ్యాటరీని వెనక నుంచి తీసి ముందు ఆక్సిల్ మీదికి తెచ్చాం. ముందు చక్రాల రిమ్ముల లోపల బరువు పెట్టాలి. విదేశాల్లో దీనికి ఇత్తడి రింగులు అమ్ముతారు. మేం లీలామహల్ దగ్గర టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటించే బద్దీలు అడిగి తెచ్చుకున్నాం. 5, 10 గ్రాముల ముక్కలుగా విరిచి, రిమ్ము చుట్టూ సమంగా అంటించి, మీద టేపు చుట్టాం. వాటిలో సీసం ఉండొచ్చు కాబట్టి ఆ పని పెద్దవాళ్ళదే, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చివరికి ముందు 1,690, వెనక 1,390. ముందు 60 శాతం ఉంటే మేలంటారు. 55 దగ్గర మేం ఆగిపోయాం, వెనక వేలాడే స్టెప్నీ తీయడానికి చిన్నోడు ఒప్పుకోలేదు.

డ్రాగ్ బ్రేక్ పెట్టింది నాయన పట్టుదలతో. థ్రాటిల్ వదలగానే మోటారు తనంతట తాను పట్టేసుకునే సెట్టింగు అది, ఈఎస్‌సిలో నూరు శాతం పెట్టుకోవచ్చు. వాలులో వదిలేసినా జీపు నిలబడిపోతుంది. "ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే డ్రమ్ములు కాలి వాసనొస్తాయి. గేరు పట్టుకోవాల" అంటాడాయన. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. ఆయన కథలన్నీ దిగే రోడ్డువే. జీపు బండ దిగుతున్నంత సేపూ "వదులు, వదులు, అదే పట్టుకుంటాది" అని చిన్నోడి చెవిలో అంటూనే ఉంటాడు.

నడిపే చోటు గురించి. శేషాచలం అడవిలోకి మేం పోము. అది నేషనల్ పార్కు, బయోస్ఫియర్ రిజర్వు. ఎర్రచందనం కాపలా ఉన్నచోట చేతిలో రిమోట్, సంచీలో బ్యాటరీలు పెట్టుకుని తిరిగితే సమాధానం చెప్పుకోలేం. చంద్రగిరి కోట గోడలు, మెట్లు కూడా వద్దు, పురావస్తు శాఖవి. కోట దాటి ఊళ్ళ వైపు పోతే పొలాల గట్ల మీద గ్రానైట్ గుండ్లు కావలసినన్ని. రైతును ఒక మాట అడిగితే చాలు, చాలామంది నిలబడి చూస్తారు కూడా. గరుకు గ్రానైట్ మీద మెత్తటి టైరు ఉడుములా పడుతుంది. తడిసినా, నాచు పట్టినా అదే బండ సబ్బుబిళ్ళ. కొండ పైభాగంలో ఉండే క్వార్ట్‌జైట్ వేరు రకం, పగిలిన ముఖం నున్నగా, అంచు బ్లేడులా ఉంటుంది. కొండ కింద వాగుల్లోకి కొట్టుకొచ్చిన ఆ ముక్కల మీద నడిపితే టైర్ల పక్కలు తెగాయి. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు కలిసే హద్దు తిరుమల ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. జాతీయ భూవారసత్వ స్థలమని గుర్తించారు దాన్ని. ఎన్నిసార్లో దాని పక్క నుంచి పోయాం, జీపు వచ్చాకే ఆగి చూశాం.

ఇంట్లో కూడా ఒక కొండ ఉంది. చిత్తూరు వైపు గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీల బయట పడేసే ముక్కలు మామగారు ఆటోలో వేయించి పంపాడు. మిద్దె మీద పేరుద్దామంటే నాయన శ్లాబు బరువు లెక్క చెప్పి ఆపాడు. పెరట్లో జామచెట్టు కింద పేర్చాం. ఐస్‌క్రీం పుల్లలు రెండు గుచ్చితే ఒక గేటు. పుల్ల తగిలితే పది, రివర్స్ వేస్తే ఒకటి, చేత్తో ఎత్తితే ఇరవై. తక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు. సాయంత్రం కుట్టుమిషన్ ఆపి వచ్చి మా ఆవిడే ఎక్కువసార్లు గెలుస్తుంది. థ్రాటిల్ మీద ఆమె వేలు కదిలినట్టే ఉండదు. మిషన్ పెడల్ అలవాటేమో అని నా అనుమానం.

స్వర్ణముఖి ఇసుకలో మాత్రం ఒక్కటి చెప్పాలి. ఎండిన ఏటిలో నడపడం పిల్లలకు పండగే, కానీ ఆ రాత్రి పని నాకు పడుతుంది. సన్న ఇసుక బేరింగుల్లో, షాక్ రాడ్డు సీల్ దగ్గర దూరి కూర్చుంటుంది. నీళ్ళు కొట్టకుండా ముందు పెయింట్ బ్రష్‌తో పొడిగా దులపాలి. చక్రాలు విప్పి బేరింగులు వేలితో తిప్పి చూడాలి, గరగరమంటే మార్చేయాలి. 5x11x4 సైజువి పది కలిపి ప్యాకెట్‌గా దొరుకుతాయి, ఒక ప్యాకెట్టు ఎప్పుడూ ఇంట్లో ఉంచుతాం.

మొత్తం ఖర్చు పద్దెనిమిది వేలు దాటింది, విరిగిన సర్వోతో కలిపి. ప్రస్తుతం నాయన రెండో బండి మీద ఉన్నాడు. ఎర్ర ఘాట్ బస్సు బాడీ కావాలట. బస్సుకు సరిపడా వీల్‌బేస్ కావాలంటే ఛాసిస్ పట్టీలు పొడుగు చేయాలి, ప్రొపెల్లర్ షాఫ్టు మధ్యలో ఇంకో బేరింగ్ పెట్టాలి, అంత పొడుగు బండికి రాయి మీద పొట్ట ఆనుకుంటుంది. పాప ఈ మూడూ కాగితం మీద గీసి చూపించింది. ఆయన చూసి, "రాళ్ళెక్కమని ఎవరన్నారు, వరండాలో తిరగనీ" అని పట్టీలు కోయడానికి హాక్సా బ్లేడు తెమ్మన్నాడు.